అన్నయ్య కడుతున్న ఇల్లు, పిల్లర్‌లో గుల్ల

పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇదీ. భార్యాభర్తలిద్దరూ పదేళ్లు కూడబెట్టిన డబ్బుతో, తమకు నచ్చినట్టు గీయించుకున్న ప్లానుతో రెండంతస్తుల కాంక్రీటు ఇల్లు మొదలుపెట్టారు. ముందువైపు కింద స్తంభమూ బీమూ లేకుండా 6 అడుగులు బయటికొచ్చే బాల్కనీ, పై హాల్లో ప్లాస్టరింగ్ లేకుండా కాంక్రీటే కనిపించే గోడ, ఈ రెండూ ఆవిడ ఎంతో ఇష్టపడి పెట్టించుకున్నవి. భర్త ఉద్యోగం వేరే దేశంలో. కాంట్రాక్టు సొంత అన్నయ్యకే ఇచ్చారు. కాగితం ఏదీ రాసుకోలేదు, అడిగినప్పుడల్లా డబ్బు ఇస్తూ వచ్చారు.

కింది అంతస్తు పిల్లర్లు వేసి 5 వారాలైంది, స్లాబ్ వేసి 12 రోజులైంది. పిల్లర్ల సెంట్రింగ్ విప్పినప్పుడు మెట్ల పక్కన పిల్లర్ అడుగున అరచేయంత మేర కంకర బయటపడి కనిపించింది. ఇంకో పిల్లర్‌కు బీమ్ కలిసేచోట, అడుగు పొడవున, రెండు రాడ్లు బయటపడి కనిపిస్తున్నాయి. స్లాబ్ రోజు మూడు రెడీమిక్స్ లారీలు వచ్చాయి. రెండోది ఆలస్యమైంది, మాల్ గట్టిపడిందని డ్రమ్ములోకి పైపు పెట్టి దాదాపు 5 నిమిషాలు నీళ్లు వదిలారు. ఆ లారీ మాలే బాల్కనీ వైపు పోశారు. బలం పరీక్షించడానికి అదే మాల్‌తో పోసి ఉంచే దిమ్మలు, అంటే క్యూబులు, తీయలేదు. మర్నాటికి స్లాబ్ మీద సన్నటి పగుళ్లు. మళ్లు కట్టి నీళ్లు నిలిపింది 5 రోజులే, తర్వాత పొద్దునా సాయంత్రం చల్లుతున్నారు.

"పిల్లర్లకు సిమెంట్ పూత పూసేద్దాం, వచ్చే వారం స్లాబ్ కింది జాకీలన్నీ తీసి పై పిల్లర్లు లేపుదాం" అంటున్నారు అన్నయ్య. ఫొటోలు చూసిన భర్త, బయటి ఇంజినీరును తెచ్చేదాకా పైసా ఇవ్వొద్దంటున్నారు. డ్రాయింగులు ఇచ్చిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఫీజులో సైటుకు రావడం లేదు. "ఇల్లు కోసం అన్నాచెల్లెళ్లు గొడవపడతారా" అని అమ్మ బాధపడుతున్నారు. చివర్న ఆవిడ రాసిన మాట: "నోరు విప్పితే అన్నయ్య దూరమవుతాడు. విప్పకపోతే రేపు ఆ స్లాబ్ కింద పడుకునేది నా పిల్లలు. ఏం చేయమంటారు?"

సమాధానం

మీ భయం ఊరికే వచ్చింది కాదు. అలాగని ఇల్లు చేయి దాటిపోయిందనీ అనుకోకండి. మీరు రాసినవాటిలో కొన్ని సులువుగా సరిదిద్దుకోగలిగినవి, ఒకటి రెండు చాలా జాగ్రత్తగా చూడాల్సినవి. ఏది ఏదో కొలిస్తే గాని తేలదు. ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా అన్నయ్యను నమ్మాలా వద్దా అన్న దాని చుట్టూ తిరుగుతోంది. ఆయన ఎంత మంచివారైనా, పని ఎంత తెలిసినవారైనా, ఆ గుల్ల లోతు ఎంతో నమ్మకం చెప్పలేదు. ముందు కాంక్రీటు సంగతి తేల్చుకుందాం, మాటల సంగతి తర్వాత.

అన్నిటికంటే తొందరగా ఆపాల్సింది జాకీలు తీయడం. బాల్కనీ కింద ఉన్నవి అస్సలు కదపకూడదు. రెండు వైపులా బీమ్‌లున్న మామూలు గది స్లాబ్‌కు, గది వెడల్పు 15 అడుగుల లోపైతే 7 రోజులకు, అంతకు మించితే 14 రోజులకు జాకీలు తీయడం వాడుక. బీమ్‌ల కిందవి 20 అడుగుల లోపు పొడవుకు 14 రోజులు, ఆపైన 21 రోజులు ఉంచుతారు. ఇదంతా కాంక్రీటు సరిగ్గా వేసి, సరిగ్గా తడిపినచోట చెప్పే లెక్క. ఒకవైపే ఆధారం ఉన్న బాల్కనీకి 28 రోజులు నిండేదాకా ఆగడం మంచిది. మీ విషయంలో పరీక్షలు అయ్యేదాకా ఆగాలి. తీసే రోజున కూడా ముందు చివరి జాకీ, తర్వాత దాని వెనకది, అలా బయటి అంచునుంచి గోడ వైపు తీసుకుంటూ రావాలి. గోడ దగ్గరివి ముందు తీసి చివర్లో ఒక వరస మిగిల్చారంటే బాల్కనీ రెండు ఆధారాల మీద కూర్చున్న పలకలా వంగుతుంది. అడుగున అందుకు సరిపడా ఇనుము ఉండదు, పగులుతుంది.

బాల్కనీలో బరువు మోసే ఇనుమంతా పైన ఉంటుంది. స్లాబ్ వేసే రోజు కూలీలు తట్టలు పట్టుకుని ఆ రాడ్ల మీదే నడుస్తారు. కింద రాడ్‌ను ఎత్తిపట్టే ఇనుప ఛైర్లు సరిపడా లేకపోతే రాడ్ అణిగిపోతుంది, పైన కాంక్రీటు కప్పేశాక ఎవరికీ కనపడదు. మీ డ్రాయింగులో బాల్కనీ మందం 200 ఎంఎం అని రాశారు. రాడ్ పైన 20 ఎంఎం కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, 12 ఎంఎం రాడ్ అనుకుంటే, రాడ్ మధ్య నుంచి స్లాబ్ అడుగు దాకా 174 ఎంఎం ఉండాలి. రాడ్ 50 ఎంఎం కిందికి అణిగితే అది 124 అవుతుంది. మోసే శక్తిలో రమారమి 30 శాతం అక్కడే పోయినట్టు. నీళ్లు కలిసిన కాంక్రీటు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. రాడ్ ఎంత లోతున ఉందో స్లాబ్ పగలగొట్టకుండా చెప్పే యంత్రం ఉంది, రీబార్ లొకేటర్ అంటారు. బాల్కనీ గోడను కలిసే గీత వెంట అడుగడుగుకూ చూస్తే గంటలో అయిపోయే పని. రాడ్ 20–30 ఎంఎం లోతులో దొరికితే ఆ భయం తీరినట్టే. 60, 70 చూపిస్తే ఇంజినీరు మళ్లీ లెక్క వేయాలి.

ఇక పిల్లర్లు. కంకర రాళ్ల మధ్య సిమెంట్, ఇసుక చేరక తేనెపట్టులా మిగిలినదాన్ని సైటులో హనీకూంబ్ అంటారు. పిల్లర్ అడుగున వచ్చిందంటే సాధారణంగా రెండు కారణాలు. మాల్‌ను పది అడుగుల ఎత్తునుంచి ఒక్కసారిగా వదిలారు, బరువైన కంకర ముందు కిందికి చేరింది. లేదా సెంట్రింగ్ అడుగున సందుండి సిమెంట్ పాలు కారిపోయాయి. నేల మీద ఎండిన బూడిదరంగు మరక ఉందేమో చూడండి, ఉంటే రెండోదే. బీమ్ కలిసేచోట వచ్చిందంటే అక్కడ రాడ్లు కిక్కిరిసి, మాల్‌ను అదిరించి సందుల్లోకి దింపే వైబ్రేటర్ సూది దిగలేదన్నమాట.

ఒక గట్టి సన్నటి తీగ తీసుకుని గుల్లలోకి పోనివ్వండి. ఆగినచోట వేలు పెట్టి బయటికి తీసి టేపుతో కొలవండి. పది చోట్ల అలా చేసి, టేపు కనిపించేలా ఫొటోలు తీయండి. చుట్టూ చిన్న సుత్తితో తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల గుల్ల ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. ఆ శబ్దం మారేచోటల్లా సుద్దతో గీసుకుంటూ పోతే గుల్ల అసలు హద్దు తెలుస్తుంది. పైకి అరచేయంత కనిపించినది లోపల రెండింతలు ఉండటం అరుదేమీ కాదు. ఉలి మాత్రం పెట్టొద్దు, అది చుట్టూ జాకీలు బిగించాక ఇంజినీరు చెప్పినట్టు చేయాల్సిన పని.

తీగ 40 ఎంఎం లోపే ఆగి, రాడ్ ఎక్కడా తగలకపోతే అది పైపై లోపం. చెక్కి, కడిగి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపితే సరిపోతుంది. మీ రెండో పిల్లర్‌లో రాడ్లే కనిపిస్తున్నాయి కాబట్టి ఆ మాట దానికి వర్తించదు. 9 అంగుళాల మందం పిల్లర్‌లో ఒక ముఖం పొడవునా 2 అంగుళాల లోతు గుల్ల ఉంటే, ఆ చోట పిల్లర్‌లో ఐదో వంతుకు పైగా లేనట్టే లెక్క. దాని మీద సిమెంట్ పూత పూస్తే కనపడకుండా పోతుంది, బరువు మాత్రం మోయదు. లోపలి ఖాళీల్లోకి తేమ చేరుతూనే ఉంటుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కొన్నేళ్లకు పూతనూ దాని పక్క కాంక్రీటునూ కలిపి పెళ్లలుగా ఊడగొడుతుంది.

సరైన మరమ్మతు ఎలా ఉంటుందో తెలిసి ఉంటే ఎవరు చేసినా మీరు గుర్తుపట్టగలరు. ఆ పిల్లర్‌ను కలిసే బీమ్‌లన్నిటి కిందా జాకీలు బిగిస్తారు. గుల్ల అంచుల్ని గ్రైండర్‌తో రాడ్ తగలకుండా చతురస్రంగా కోస్తారు. గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కుతారు. దానికి గుర్తు ఏమిటంటే, ఉలి దెబ్బకు కంకర రాయి ఊడి రాకుండా రాయే పగలాలి. బయటపడ్డ రాడ్ వెనక కూడా 20–25 ఎంఎం ఖాళీ చేస్తారు, కొత్త మాల్ రాడ్‌ను చుట్టూ పట్టుకోవాలి కదా. వైర్ బ్రష్‌తో రుద్ది, కడిగి, రాత్రంతా తడిపి ఉంచి, పైన నీటి మెరుపు ఆరాక సెంట్రింగ్ బిగించి, మైక్రో కాంక్రీటు పోస్తారు. ఇది కుంచించుకుపోని రకం, వైబ్రేటర్ లేకుండానే సందుల్లోకి పారుతుంది. పోసే నోరు గుల్ల పై అంచు కంటే నాలుగు అంగుళాలైనా ఎత్తులో ఉండాలి, లేకపోతే పైన గాలి మిగిలిపోతుంది. మర్నాడు విప్పి, తడి గోనె చుట్టి వారం రోజులు తడపాలి. బీమ్ కలిసేచోట పైనుంచి పోయడానికి వీలుండదు కాబట్టి అక్కడ చిన్న గొట్టాలు పెట్టి ఒత్తిడితో గ్రౌట్ అనే పలచటి మాల్ ఎక్కించాల్సి రావచ్చు. గుల్ల పిల్లర్ నడిమధ్య దాకా ఉందని తేలితే చుట్టూ ఇనుము కట్టి మందం పెంచడం ఒక దారి. ఆ పిల్లర్ వరకు పగలగొట్టి మళ్లీ వేయడం ఇంకో దారి.

ఈ పనికి ఈ రోజులే అనువైనవి. ఇప్పుడు స్లాబ్ బరువులో చాలా భాగం జాకీల మీదుగా నేలకు పోతోంది, పిల్లర్ల మీద పడుతున్నది కొంచెమే. జాకీలు తీసి, పై అంతస్తు లేచి, గోడలు కట్టాక ఇలాంటి ఇంట్లో ఒక్కో పిల్లర్ మీద అంతస్తుకు సుమారు 15–20 టన్నులు దిగుతుంది. అప్పుడు చెక్కాలంటే ఆ బరువునంతా ముందు జాకీలతో ఎత్తిపట్టాలి. పని అదే, ఖర్చూ ప్రమాదమూ ఎన్నో రెట్లు.

నీళ్ల సంగతికి లెక్క కట్టొచ్చు. ఆ పైపునే 15 లీటర్ల బకెట్‌లో పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. 45 సెకన్లు పడితే నిమిషానికి 20 లీటర్లు, 5 నిమిషాలకు 100 లీటర్లు. లారీలో 6 ఘనపు మీటర్లుంటే ఘనపు మీటరుకు 17 లీటర్లు ఎక్కువ పడ్డట్టు. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు, 175 లీటర్ల నీళ్లతో వచ్చిన మాల్ అనుకుంటే నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.50 నుంచి 0.55కు జరిగింది. అంటే బలం పదో వంతు తగ్గి ఉండొచ్చు. అది కూలిపోయే లోపం కాదు. పైపు ధార నిమిషానికి 60 లీటర్లని తేలితే మాత్రం నిష్పత్తి 0.64 అవుతుంది, నాలుగో వంతు బలం పోయినట్టు. నీళ్లు పెరిగితే బలం పడిపోతుందన్న సూత్రాన్ని అమెరికా పరిశోధకుడు డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే ప్రకటించాడు, ఇప్పటికీ సైటులో ఎక్కువ అన్యాయం జరిగేది దానికే. మాల్ గట్టిపడితే కలపాల్సింది నీళ్లు కాదు, మాల్‌ను పలచన చేసే ప్లాస్టిసైజర్ అనే మందు. అది కూడా లారీ బయల్దేరి ఎంతసేపయిందో చూసి. లారీ చీటీల మీద మాల్ కలిపిన సమయం ఉంటుంది, మూడు చీటీలూ అడిగి తీసుకోండి. గంటన్నర, రెండు గంటలు దాటిన మాల్ అయితే నీళ్ల లెక్కతో పాటు ఆ నష్టం కూడా కలుపుకోవాలి. ప్లాంటు వాళ్లు తమ దగ్గర తీసిన క్యూబుల ఫలితం చూపిస్తే దాన్ని మీ స్లాబ్‌కు సాక్ష్యంగా తీసుకోకండి, అది నీళ్లు కలపకముందు మాల్.

28 రోజులు నిండాక స్లాబ్‌ను నేరుగా పరీక్షించొచ్చు. సుత్తిలా కొట్టి చూసే రీబౌండ్ హ్యామర్ పైపొర గట్టితనమే చెబుతుంది. ఒకచోటుకూ ఇంకోచోటుకూ పోల్చడానికి అది పనికొస్తుంది గాని, దాని అంకె ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ధ్వని తరంగాల పరీక్షలో వేగం సెకనుకు 4 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటే మంచిదే, 3కు తగ్గితే లోపల ఏదో ఉంది. ఈ పరీక్ష మీ పిల్లర్లకు ఇవాళే చేయొచ్చు, అవి 5 వారాలవి. అనుమానం మిగిలితే కోర్ తీస్తారు, అంటే గుండ్రటి ముక్క కోసి యంత్రంలో నొక్కుతారు. మూడు కోర్‌ల సగటు, అడిగిన బలంలో 85 శాతం దాటి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే ఆ కాంక్రీటు ఒప్పుకోదగ్గదే. కోర్ బాల్కనీ గోడను కలిసేచోట తీయనివ్వకండి. అదే లారీ మాల్ పడ్డ, రాడ్ లేని, బరువు తక్కువున్న చోటు చూపించమని అడగండి.

పగుళ్ల గురించి ఎక్కువ బెంగ వద్దు. మర్నాటికే కనిపించాయంటే మాల్ పచ్చిగా ఉండగా పైన తేమ ఆరిపోయి వచ్చినవి కావచ్చు. రాడ్ల వరసకు సరిగ్గా పైన, సమాన దూరాల్లో ఉంటే మాల్ కుంగినప్పుడు వచ్చినవి. ప్రతి పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. గీత దాటి పాకితే ఇంజినీరుకు చూపాలి. మళ్లు మళ్లీ కట్టించి ఇంకో వారం నీళ్లు నిలపండి. పోయిన రోజులు తిరిగి రావు గాని, ఇప్పుడు తడిపినా ఎంతో కొంత మేలే. నీళ్లు నిలిపిన మర్నాడు కిందికెళ్లి సీలింగ్ చూడండి. తడి చార కనిపించిందంటే ఆ పగులు స్లాబ్ మందమంతా తెగి కిందిదాకా వచ్చిందని తెలుస్తుంది.

ఇప్పుడు అన్నయ్య. మీ వారు చెప్పినట్టు బయటి ఇంజినీరును ఉన్నపళంగా దింపి, డబ్బు ఆపేస్తే ఏమవుతుంది? అన్నయ్యకు అది తీర్పు చెప్పడానికి పెట్టిన పంచాయితీలా కనిపిస్తుంది. కూలీలు వేరే సైటుకు పోతారు. జాకీలు అద్దెవైతే వాటి యజమాని వచ్చి పట్టుకుపోవచ్చు, ఇప్పుడు మీకు అన్నిటికంటే అవసరమైనవి అవే. కాబట్టి ఆ దారిలో వెళ్లినా, జాకీల అద్దె మాత్రం మీరే నేరుగా కట్టేలా ముందు ఏర్పాటు చేసుకోండి.

ఏమీ అనకుండా పూత పూయనిస్తే ఈ నెల ఇంట్లో శాంతిగా ఉంటుంది. కానీ మీరు ఆ పిల్లర్ పక్కనుంచి మెట్లెక్కినప్పుడల్లా దాన్నే చూస్తారు. పై అంతస్తులో చిన్న పగులు కనిపించినా అన్నయ్య గుర్తొస్తారు. బంధం అలా కూడా తెగుతుంది, నెమ్మదిగా.

నాకు మేలనిపించే దారి, ఆ డ్రాయింగులు గీసిన ఇంజినీరునే పిలవడం. సైటుకు రావడానికి విడిగా ఫీజు ఇస్తామని, ఇప్పటినుంచి ప్రతి కాంక్రీటుకు ముందూ వచ్చి సంతకం పెట్టాలని మాట్లాడుకోండి. ఆయన మీ అన్నయ్యకు పోటీ మనిషి కాదు, తన లెక్క ప్రకారం కట్టారో లేదో చూసుకునే మనిషి. అన్నయ్యతో ఫోన్లో కాకుండా సైటులోనే, ఆ పిల్లర్ పక్కన, మేస్త్రీలు లేని వేళ మాట్లాడండి. "అన్నయ్యా, తీగ పెడితే రెండంగుళాలు దిగింది, నువ్వే చూడు. ఇంజినీరు చెప్పినట్టు బాగుచేద్దాం, ఆయన వచ్చినప్పుడు నువ్వూ ఉండాలి" అంటే చాలు. నీళ్లు ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అన్నది ఆ రోజు ఎత్తకండి. మరమ్మతు ఖర్చు సంగతి కూడా ఇంజినీరు రాతపూర్వకంగా ఇచ్చాకే మాట్లాడుకోండి. నొచ్చుకోరని నేను హామీ ఇవ్వలేను, నొచ్చుకోవచ్చు. కానీ ఇంజినీరు సంతకం ఉన్న కాగితం రేపు ఆయన్నీ కాపాడుతుంది. ఆ మాట అమ్మగారి చేత చెప్పించగలిగితే ఇంకా మంచిది.

ఆయన ససేమిరా అంటే కాంట్రాక్టరును మార్చడం మిగిలిన దారి. అప్పుడు చేసిన పనిని కొలిపించి, లెక్క తేల్చి, గుల్లలూ పగుళ్లూ అన్నీ ఫొటోలతో రికార్డు చేశాకే చేతులు మారాలి. కొత్తగా వచ్చినవారు పాత పనికి బాధ్యత తీసుకోరు, తర్వాత ఏ లోపం బయటపడినా "అది ముందు వాళ్లది" అంటారు. అన్నయ్యే కొనసాగితే ఇప్పుడైనా ఒక కాగితం రాసుకోండి. డబ్బు అడిగినప్పుడు కాకుండా పని దశ పూర్తయ్యాక ఇవ్వడం, ప్రతి దశలో 5–10 శాతం ఆపి ఇల్లు అప్పగించి ఒక వానాకాలం గడిచాక ఇవ్వడం మామూలే. మీ వారికి ఫొటోలతో పాటు తీగ కొలతలు పంపండి. అంకె చూస్తే దూరంగా ఉన్న మనిషి ఆందోళన కాస్త తగ్గుతుంది.

బాల్కనీ లెక్కకు ఆగలేదని తేలినా అది మీకు పూర్తిగా పోదు. ముందు అంచున రెండు సన్నటి ఉక్కు స్తంభాలు పెట్టొచ్చు గాని, ఆధారం మారితే స్లాబ్ వంగే తీరూ మారుతుంది, అడుగు ఇనుము చాలుతుందో లేదో ఇంజినీరు చూడాలి. 6 అడుగుల్ని 4కు కోయించొచ్చు, గోడ దగ్గర వంపు సగానికి పైగా తగ్గుతుంది. సరిపోతుందని తేలినా సరే, చివర ఇటుక పిట్టగోడ పెట్టించకండి. మూడడుగుల ఎత్తు ఇటుక గోడ మీటరు పొడవుకు 200 కిలోలకు పైనే తూగుతుంది, అదీ సరిగ్గా అంచు మీద. ఇనుప రెయిలింగ్ దానిలో పదో వంతు కూడా ఉండదు.

ప్లాస్టరింగ్ లేని గోడ విషయంలో మాత్రం మీ మనసు కష్టపెట్టే మాటే చెప్పాలి. ఈ సైటులో ఇప్పటిదాకా జరిగిన తీరుతో ఆ గోడ రాదు. దానికి మరమ్మతు ఉండదు, అతుకు వేసినచోట రంగు వేరుగా జీవితాంతం కనిపిస్తుంది. ఆశ వదులుకునే ముందు ఒక ప్రయత్నం చేయండి. ఫిల్మ్ అంటించిన 18 ఎంఎం ప్లైవుడ్‌తో, అతుకుల్లో ఫోమ్ టేపు పెట్టి, మీటరు పొడవు మీటరు ఎత్తు నమూనా గోడ ఇంటి వెనక వేయించండి. అందులో ఒక స్విచ్ బోర్డు డబ్బా కూడా పెట్టించండి, లోపాలు ఎక్కువగా వచ్చేది దాని చుట్టూనే. అసలు గోడకు వాడబోయే సిమెంటు, ఇసుక, ఆయిల్, వైబ్రేటర్, మనుషులు అన్నీ అవే ఉండాలి. విప్పినప్పుడు నచ్చకపోతే ఎందుకలా వచ్చిందో అన్నయ్యతో కలిసి చూసి ఇంకోటి వేయించండి. మూడోదీ బాగా రాకపోతే ఆ గోడకు ప్లాస్టరింగ్ చేయించుకుని, హాల్లో ఇంకేదైనా అందం చూసుకోవడం మంచిది. తర్వాత కాంక్రీటు ఏది వేసినా లారీకి ఆరు క్యూబులు తీయించండి. మూడు 7 రోజులకు, మూడు 28 రోజులకు పరీక్షకు పంపండి. వాటి మీద తేదీ, లారీ నంబరు మీ చేత్తోనే రాయండి.